పట్టాభిషేకం మర్నాటి లెక్క

మా ఊళ్ళో ద్రౌపదమ్మ తిరునాళ్ళు వేసవిలో జరిగేవి. పద్దెనిమిది రోజుల భారతం. మధ్యాహ్నం భారతం చదివి అర్థం చెప్పేవారు, రాత్రి వీధినాటకం ఆడేవారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, నేలమీద పరిచిన దుర్యోధనుడి మట్టిబొమ్మ తొడ పగలగొట్టడం, సాయంత్రం నిప్పులు తొక్కడం, చివరికి ధర్మరాజు పట్టాభిషేకం. పిల్లలకు అంతటితో తిరునాళ్ళు అయిపోయినట్టే. పెద్దలకు మాత్రం ఇంకొకటి మిగిలి ఉండేది.

మర్నాడు పొద్దున గుడిముందు పందిట్లో ధర్మకర్త లెక్క చదివేవాడు. ఇంటికి ఇంత వంతు అని వేసినది ఎంత, అందులో వసూలైనది ఎంత, నాటకం మేళానికి ఇచ్చింది ఎంత, పందిరికీ దీపాలకూ ఎంత, మిగులు ఎవరి దగ్గర ఉంది – అన్నీ చదివేవాడు. ఒకసారి తెలుగులో చదివి, కింది వీధి వాళ్ళ కోసం అదే లెక్క మళ్ళీ తమిళంలో చదివేవాడు. ఆ రెండోసారి చదవడం మాకు విసుగ్గా ఉండేది. విన్నదే గదా, ఇంకా పానకం పోయరేమని గొణుక్కునేవాళ్ళం. డెబ్బై అయిదేళ్ళు పైబడ్డాక ఇప్పుడు, ప్రభుత్వం అనే మాట ఎక్కడ విన్నా నాకు ఆ రెండోసారి చదవడమే గుర్తుకొస్తుంది.

శాసనసభ్యుడు వేసవిలో తన నియోజకవర్గానికి వచ్చి, సభలో జరిగింది జనానికి చెప్పుకోవడమనే ఆచారం గురించి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. అమెరికాలో రాష్ట్ర శాసనసభల సభ్యులు చాలామంది సమావేశాలు ముగిశాక ఓటర్లకు జాబులు రాస్తారు. ఏ చట్టం వచ్చింది, డబ్బు ఎక్కడికి పోయింది, మీకు పని పడితే ఏ కచేరీకి వెళ్ళాలి అన్న సంగతులు అందులో ఉంటాయి. మన దేశంలో అటువంటి జాబు రాయాలని ఏ చట్టమూ సభ్యుణ్ణి నిర్బంధించదు. ఉండాలా వద్దా అన్నది పెద్ద చర్చ. భాష వేరైన చోట బతుకుతున్న మనబోటి వాళ్ళకు అది లేకపోతే ఏమవుతుందో నేను చిన్నప్పుడే మా ఇంట్లో చూశాను.

మాది తిరుత్తణి ప్రాంతం. నేను పుట్టేనాటికి అది చిత్తూరు జిల్లా. ఆ జిల్లా 1911లో ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు జిల్లాతోబాటు మేమూ అందులోకి వెళ్ళాం. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాం. తిరుత్తణి చుట్టుపక్కల తమిళులే ఎక్కువని, దాన్ని మద్రాసు రాష్ట్రంలో కలపాలని మంగళంకిళార్, మ.పొ.శివజ్ఞానం వంటివారు ఏళ్ళ తరబడి ఉద్యమం నడిపారు. తగవు తీర్చడానికి పటాస్కర్ వచ్చారు. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, జనాభా లెక్కల్లో ఏ భాషవాళ్ళు ఎక్కువో చూసి, ఊళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండేటట్టు గీత గీశారు. దాని మీద 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమైంది. చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొన్ని ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి.

ఆ గీత అన్యాయమని నేను అనను. అక్కడ తమిళులు ఎక్కువమంది ఉన్నమాట నిజం. కాకపోతే గీత ఎక్కడ గీసినా రెండుపక్కలా కొందరు మిగిలిపోతారు. మా వీధి అలా మిగిలిపోయినది.

ఆ మార్పులో ఒక చిన్న అంకె ఉంది. చరిత్ర పుస్తకాల్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1957 ఎన్నికలనాటికి మద్రాసు శాసనసభలో 205 మంది సభ్యులు. సరిహద్దు చట్టం వల్ల ఆంధ్రప్రదేశ్ శాసనసభ నుంచి ఒక సభ్యుణ్ణి మద్రాసు సభకు కేటాయించారు. దాంతో ఆ సంఖ్య 206 అయింది. హైదరాబాదు సభలో కూర్చున్న ప్రతినిధి, మళ్ళీ ఎన్నిక లేకుండానే, మద్రాసు సభలో సభ్యుడయ్యాడన్నమాట. ఊరు కదలలేదు, మనుషులు కదలలేదు. వాళ్ళ తరఫున మాట్లాడే కుర్చీ మాత్రం ఒక సభలోంచి ఇంకో సభలోకి వెళ్ళింది.

అంతకు ఏడేళ్ళ ముందు ఇదే పని పెద్దయెత్తున జరిగింది. 1952 ఎన్నికలతో ఏర్పడిన మద్రాసు శాసనసభలో 375 మంది ఉండేవారు. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం మాట్లాడేవాళ్ళంతా ఒకే చూరు కింద కూర్చునేవారు. 1953లో వారిలో 140 మంది లేచి ఆంధ్ర శాసనసభకు వెళ్ళారు. బళ్ళారి ప్రాంతపు సభ్యులు కొందరు మైసూరు సభకు వెళ్ళారు. మద్రాసు సభలో తెలుగు అప్పటివరకూ ఒక పెద్ద భాష. ఆ అక్టోబరు తర్వాత అది కొద్దిమంది భాష అయింది.

సభలో ఏ భాష మాట్లాడాలన్న ప్రశ్నకు అంతకుముందే పెద్ద చరిత్ర ఉంది. 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 85వ సెక్షను రాష్ట్ర సభల వ్యవహారం ఇంగ్లీషులో జరగాలంది. ఇంగ్లీషు రానివాళ్ళు, చాలినంతగా రానివాళ్ళు వేరే భాషలో మాట్లాడుకోవడానికి నియమాలు చేయాలని చిన్న సందు వదిలింది. ఆ చట్టం కింద 1937లో ఏర్పడిన మద్రాసు శాసనసభలో 215 మంది సభ్యులు. దానికి స్పీకరు మన బులుసు సాంబమూర్తి. స్పీకరు తెలుగువాడైనా సభకు మాత్రం ఇంగ్లీషే మూలభాష. తెలుగు అక్కడ సందులోంచి దూరి వచ్చిన భాష.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగంలో 210వ అధికరణం రాశారు. రాష్ట్ర శాసనసభ పని ఆ రాష్ట్ర అధికార భాషలోగాని, హిందీలోగాని, ఇంగ్లీషులోగాని జరగాలి. ఆ భాషల్లో తన మాట సరిగా చెప్పుకోలేని సభ్యుణ్ణి మాతృభాషలో మాట్లాడనివ్వవచ్చు. అయితే దానికి స్పీకరు అనుమతి కావాలి. అంటే మన భాషకు సభలో చోటు ఉంది గాని, అది అడిగి తీసుకోవలసిన చోటు. 2024లో కృష్ణగిరి నుంచి లోక్‌సభకు ఎన్నికైన గోపీనాథ్ తెలుగులో ప్రమాణం చేస్తే మనవాళ్ళు ఎంత సంబరపడ్డారో గుర్తుందిగదా. నేనూ సంబరపడ్డాను. కాని సభ్యుడు సభలో మన భాష మాట్లాడటం ఒకటి, సభలో జరిగింది మన భాషలో మన దగ్గరికి రావడం ఇంకొకటి. మొదటిదానికి స్పీకరు అనుమతి కావాలి. రెండోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా మనం ఎప్పుడూ మొదటిదాన్నే అడుగుతూ వచ్చాం.

రెండోది లేకపోతే ఏమయిందో చెబుతాను.

1963 వేసవి అనుకుంటాను. మా చెరువు కట్టకింద పోరంబోకులో ఒక చెక్క మా తాత కాలం నుంచి మేమే దున్నుకునేవాళ్ళం. ఏటా దానికి శివాయిజమా కట్టేవాళ్ళం. పట్టా లేదు, అనుభవం ఉంది. ఒకరోజు తలారి ఒక కాగితం తెచ్చి నాయన చేతిలో పెట్టి వేలిముద్రకు సిరాడబ్బీ తీశాడు. నాయన నవ్వి, సంతకమే చేస్తానని తెలుగులో చేశాడు. ఆయన తెలుగు బాగా చదివేవాడు. తిరునాళ్ళలో భారతం పద్యాలకు అర్థం చెప్పేవాడు. ఆ కాగితం తమిళంలో ఉంది. తమిళం మాట్లాడటం వచ్చుగాని అక్షరాలు రావు. ఏదో ఏటేటా వచ్చే జమా కాగితమేనని చూరులో దోపి పెట్టాడు.

తిరునాళ్ళు అయిపోయాక మా బడి అయ్యవారు ఏదో పనిమీద మా ఇంటికొచ్చి దాన్ని చూశారు. చదివి కాసేపు మాట్లాడలేదు. ఆ చెక్క మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఫలానా తేదీన విచారణకు రావలసిందని అందులో ఉంది. ఆ తేదీ పోయి తొమ్మిది రోజులైంది. ఆ ఏడు చెనిక్కాయ విత్తకుండానే మా చెక్క చేజారిపోయింది.

తప్పు ఆ కాగితం రాసిన గుమాస్తాది కాదు. ఆయనకు వచ్చిన భాషలో, చట్టం చెప్పిన భాషలో రాశాడు. మద్రాసు రాష్ట్రం 1956లోనే తమిళాన్ని అధికార భాష చేస్తూ చట్టం చేసుకుంది. నాయనను ఆ సాయంత్రం బాధపెట్టింది కూడా అది కాదు. అయ్యవారు చెప్పిన ఇంకో మాట.

“నువ్వు తెలుగులో ఒక అర్జీ రాసి పడేసి ఉన్నా సరిపోయేదే, అన్నా. రాజ్యాంగంలో ఉంది ఆ హక్కు” అన్నారాయన.

నాయన చాలాసేపు ఊరుకుని, “ఆ సంగతి మాకు ఎవరు చెప్పారు, అయ్యవారూ?” అన్నాడు.

అయ్యవారు చెప్పింది 350వ అధికరణం. తన కష్టం తీర్చమని ఎవరైనా సరే రాష్ట్రంలోని ఏ అధికారికైనా, ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. జవాబు కూడా అదే భాషలో ఇవ్వాలని మాత్రం అందులో లేదు. అయినా అర్జీ చెల్లుతుంది. 1956లో ఏడో సవరణతో దాని పక్కన ఇంకో రెండు చేర్చారు. పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పే సదుపాయం కల్పించాలని 350ఎ, భాషా అల్పసంఖ్యాకుల విషయాలు చూడటానికి ఒక ప్రత్యేక అధికారి ఉండాలని 350బి. ఆ ఏడే కేంద్ర ప్రభుత్వం ఒక పత్రం కూడా తయారుచేసింది. ఏ ప్రాంతంలోనైనా ఒక అల్పసంఖ్యాక భాషవాళ్ళు నూటికి 15 నుంచి 20 మంది దాకా ఉంటే, ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వాళ్ళ భాషలోనూ వెలువరించడం మేలని అందులో ఉంది. ఇవన్నీ మా చెక్క పోవడానికి ఏడేళ్ళ ముందటి సంగతులు. కాగితాల మీద హక్కు నిండుగా ఉంది. మా వీధిలో మాత్రం ఆ మాట చెప్పినవాడు లేడు.

మరుసటి వేసవి నుంచి అయ్యవారు ఒక పని మొదలుపెట్టారు. బడికి సెలవులు గదా, సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, తమిళ పత్రికలో శాసనసభ వార్తలు చదివి తెలుగులో చెప్పేవారు. పది, పదిహేను మంది పోగయ్యేవారు. ఆయనది ఏ పార్టీయో మాకు చివరిదాకా తెలియలేదు. అడిగితే, “లెక్క చదివేవాడికి పార్టీ ఎందుకు?” అనేవారు.

బడ్జెటు అంటే ఏమిటో ఆయన తిరునాళ్ళ లెక్కతోనే చెప్పారు. తిరునాళ్ళకు ముందు ధర్మకర్త ఊరిని పిలిచి, ఇంత వసూలు చేద్దాం, ఇంత ఖర్చు పెడదాం అంటాడే, అది బడ్జెటు. మేళానికి ఇంత, పందిరికి ఇంత అని విడివిడిగా ఒప్పించుకుంటాడే, అది శాఖలవారీ గ్రాంటు. ఊరు ఒప్పుకోకుండా హుండీలోంచి దమ్మిడీ తీయకూడదు. అలాగే సభ ఒప్పుకోకుండా ఖజానాలోంచి పైసా తీయడానికి ప్రభుత్వానికి అధికారం లేదు.

“మరి కోత తీర్మానమంటే, నిజంగా డబ్బు తగ్గించడమేనా?” అని మా పెద్దనాయన అడిగాడు.

“మేళం వాళ్ళకిచ్చే దుడ్డులో ఒక్క రూపాయి తగ్గించమని పోయినేడు నువ్వు పేచీ పెట్టావు గుర్తుందా? ఆ రూపాయి కోసమా పెట్టింది?”

“రూపాయి ఎవడిక్కావాలి? ఆ ఏడు భీముడు తాగి వచ్చాడు.”

“అదే కోత తీర్మానం” అన్నారు అయ్యవారు.

అందరూ నవ్వారు గాని, ఆ నవ్వుతో విషయం బుర్రకెక్కింది. తర్వాతి రోజుల్లో ప్రశ్నోత్తరాల సమయం గురించి చెప్పారు. సభ్యుడు అడిగితే మంత్రి జవాబు చెప్పి తీరాలని, మంత్రి సభలో ఇచ్చిన హామీ నెరవేరిందా లేదా చూడటానికి ఒక కమిటీ ఉంటుందని చెప్పారు. సభకే అర్జీ పెట్టుకునే దారి ఉందని, దానికీ ఒక కమిటీ ఉంటుందని చెప్పారు. సమితి పోయి యూనియను ఎందుకు వచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. మేము ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నప్పుడు 1959లో పంచాయతీ సమితులు పెట్టారు. అవి అలవాటయ్యేలోపలే మద్రాసులో పడ్డాం. అక్కడ 1958 చట్టం ప్రకారం పంచాయతీ యూనియన్లు వచ్చాయి. పని ఒకటే, పేరు వేరు. పేరు మారేసరికి ఏ గుమ్మం ఎక్కాలో తెలియక మావాళ్ళు నాలుగేళ్ళు తిరిగారు.

పోయిన చెక్క తిరిగి రాలేదు. కాని మరుసటి ఏడు చెరువు తూము మరామత్తు కోసం మా వీధివాళ్ళు ఒక అర్జీ రాశారు. తెలుగులోనే రాశారు. నాయన దస్తూరి. కింద అయ్యవారు తమిళంలో రెండు వాక్యాలు చేర్చారు. తూము బాగుపడటానికి మూడేళ్ళు పట్టింది. కాని ఆ అర్జీ అందినట్టు రసీదు వచ్చింది. నాయన దాన్ని చూరులో పెట్టలేదు, పెట్టెలో పెట్టాడు. ఆయన పోయాక నాకు దొరికింది.

ఈ కథ మా ఒక్క ఊరిది కాదని ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. బళ్ళారి సంగతి చూడండి. 1953లో బళ్ళారి తాలూకా ఎవరిదన్న తగవును మిశ్రా కమిషను విచారించి మైసూరుకు చెందాలంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. ఒకే జిల్లాలో పక్కపక్క ఊళ్ళవాళ్ళు రెండు సభలకు వెళ్ళే సభ్యుల్ని ఎన్నుకోవలసి వచ్చింది. బరంపురం వైపు ఇది ఇంకా ముందే జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు అక్కడి తెలుగువాళ్ళకు మద్రాసు సభ పోయి కటకం సభ వచ్చింది.

యానాం కథ వేరు. ఫ్రెంచివాళ్ళ కాలంలోనే, 1880లో, అక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. 1954లో ఫ్రెంచి పాలన పోయింది. 1963 నుంచి పుదుచ్చేరికి శాసనసభ ఉంది. ఎన్నికైన సభ్యులు 30 మంది. యానాం నుంచి ఒకే ఒక్కరు. ఆ ఊరికీ రాజధానికీ నడుమ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి 1965 అధికార భాషా చట్టం తమిళాన్ని అధికార భాష చేస్తూనే యానాంలో తెలుగు వాడుకోవడానికి వీలు కల్పించింది. యానాం సభ్యులుగా ఎన్నికైన కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడు ఆ సభకు స్పీకరుగా కూడా పనిచేశారు. 2021 ఎన్నికల్లో ముఖ్యమంత్రి అభ్యర్థి రంగస్వామి అక్కడ పోటీచేసి, ఒక స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. ఆయన రెండో చోట గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు, అది వేరే మాట. ఒక్క కుర్చీ ఉన్నవాళ్ళు ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో ఎంత పట్టుదలగా చూసుకుంటారో దీన్నిబట్టి తెలుస్తుంది.

మనలో తక్కినవాళ్ళకు అటువంటి కుర్చీ కూడా ఉండదు. మన ఓట్లు పది నియోజకవర్గాల్లో చెదిరి ఉంటాయి. గెలిచిన సభ్యుడు తెలుగువాడు కానక్కరలేదు. నా అనుభవంలో తెలుగువాడు కాకపోవడం అడ్డూ కాలేదు, తెలుగువాడు కావడం సాయమూ కాలేదు. జరిగింది వచ్చి చెప్పేవాడు మేలు, చెప్పనివాడు ఎవడైనా ఒకటే.

కొత్త చట్టాలు వచ్చాయి గదా, ఇప్పుడు ఈ బెడద ఎందుకంటారేమో. 2005 సమాచార హక్కు చట్టం మంచిదే. కాని దాని కింద దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని పెట్టాలని 6వ సెక్షను చెబుతుంది. కష్టం చెప్పుకోవడానికి మన భాష చెల్లుతుంది, లెక్క అడగడానికి మాత్రం ఆ చట్టం మన భాషను లెక్కలోకి తీసుకోలేదు. అర్జీదారుగా మనల్ని గుర్తించినంత తొందరగా లెక్క అడిగే పౌరులుగా గుర్తించరు. ఇటు తమిళనాడులో 2006 చట్టంతో తమిళం నేర్చుకోవడం బడుల్లో తప్పనిసరి అయింది. అది మా పిల్లలకు మేలే చేసింది. మా మనవళ్ళు తాఖీదు చదవగలరు. కాని వాళ్ళు తెలుగు చదవలేరు. చూరులో కాగితం దోపే బాధ తప్పింది, పెట్టెలోని నాయన అర్జీ చదివేవాళ్ళు తగ్గిపోయారు.

కాబట్టి నేను కోరేది పెద్దదేమీ కాదు. బడ్జెటు సమావేశాలు ముగిసిన తర్వాత, ఏడాదికి ఒకసారి, మన ఊరి సంఘంవాళ్ళు తమ శాసనసభ్యుణ్ణి పిలవాలి. ఏ పార్టీవాడైనా, ఏ భాషవాడైనా సరే. దండలు, శాలువలు వద్దు. నాలుగు ప్రశ్నలు చాలు. సభలో మన ప్రాంతం గురించి ఏమి అడిగారు? మంత్రి ఏమి హామీ ఇచ్చారు? మన నియోజకవర్గానికి వచ్చిన డబ్బు ఎంత, ఖర్చయింది ఎంత? మాకు కష్టం వస్తే ఏ గుమ్మం ఎక్కాలి? ఆయన తమిళంలో చెబితే తమిళంలో, కన్నడంలో చెబితే కన్నడంలో, ఒడియాలో చెబితే ఒడియాలో విందాం. పక్కన ఒక పంతులమ్మో, ఒక కాలేజీ పిల్లవాడో నిలబడి దాన్ని తెలుగులో చెప్పాలి. తర్వాత దాన్ని రెండు పేజీల్లో రాసి ఇంటింటికీ పంచాలి. ఇటువంటి పత్రికలు అచ్చువేయదగ్గ సాహిత్యంలో అదీ ఒకటని నా అభిప్రాయం.

మా ఊరి ధర్మకర్త చదువుకున్నవాడు కాదు. అధికరణాలూ సెక్షన్లూ ఆయనకు తెలియవు. మా ఊళ్ళో అప్పుడు తెలుగు వీధిదే పెద్ద చెయ్యి, కింది వీధివాళ్ళు పదిహేను ఇళ్ళకు మించి లేరు. వాళ్ళలో చాలామందికి తెలుగు అర్థమయ్యేది కూడా. “వాళ్ళకు తెలుసులే, మళ్ళీ ఎందుకు చదవడం?” అని ఎవరో అంటే ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది.

“వాళ్ళూ వంతు ఇచ్చారు గదా.”

అంతే అన్నాడు. కళ్ళజోడు సవరించుకుని రెండోసారి చదవడం మొదలుపెట్టాడు.